బుడగవరం గోడకు కళ్ళొచ్చాయి

బార 8,140

ఇవాళ పొద్దున్న ఊదిన గోడకు కళ్ళొచ్చాయి.

కళ్ళంటే నిజం కళ్ళు కావు. పొర సాఫీగా రాకుండా అక్కడక్కడా ఆవగింజంత బొడిపెలు తేలితే వాటిని మా మిషను దగ్గర చేపకళ్ళు అంటాం. వెలుతురుకి ఎత్తి చూస్తే చుట్టూ పల్చగా, మధ్యలో ముద్దగా ఉండి చచ్చిన చేప మనల్నే చూస్తున్నట్టుంటుంది. ఒకటీ అరా ఎప్పుడూ ఉంటాయి, నేనూ పట్టించుకోను. ఇవాళ మాత్రం బారకి దోసెడు లెక్కన వచ్చాయి.

నాకు ముందు ఈ మిషను నడిపిన పెద్దమనిషి లాగ్ పుస్తకం నిండా "అంతా బాగుంది" అని తప్ప ఇంకో ముక్క రాయలేదు. ఆయన నాకు మిషను అప్పగించిన రోజు మోటారు కాలిపోయి ఉంది. నేను అలా రాయను. నా పేరు అనసూయ. ఉన్నదున్నట్టు రాస్తాను, కోపమొస్తే కోపంగానే రాస్తాను. మా ఊళ్ళో తేదీలు లేవు, ఊదిన బారలే తేదీ. బారంటే చాచిన రెండు చేతుల పొడవు.

కళ్ళు చూడగానే మాటల గొట్టంలో తోకని పిలిచాను. ఊరికి అటు చివర, ఎండకి పెళుసైపోయిన పాత పొరని కోసి, కడిగి, ముక్కలు చేసి బస్తాల్లో నాకు పంపేది మా ఆయన త్రిమూర్తులు. ఇటు చివర మూతి దగ్గర ఆ ముక్కల్నే కరిగించి కొత్త పొర ఊదేది నేను. ఆ పొర గొట్టంలోనే ఊరంతా కాపురాలు చేసుకుంటుంది. తోక తమ ఇంటిదాకా వస్తే సామాన్లు సర్దుకుని మూతి దగ్గర కొత్తింటికి వచ్చేస్తారు. ఇలా ఊరు నడుస్తూనే ఉంటుంది. ఆగితే ఎండ తినేస్తుంది.

"ఏవండీ, ముక్కలు కడుగుతున్నారా, కడిగినట్టు అనుకుంటున్నారా?" అన్నాను.

"నీ మిషను వేడెక్కువైపోయుంటది. ముక్కలు మాడ్చేసి నన్నంటావేంటి?" అన్నాడు.

ఆ మాటల గొట్టం ఇళ్ళన్నిటి మీదుగా పోతుంది. ఎవరైనా చెవి ఆనిస్తే మా మాటలు వినపడతాయి. ఆనించని ఇల్లు లేదు. మా సంసారం ఊరికి రేడియోలాగా ఉపయోగపడుతోంది.

బార 8,143

వేడి తగ్గించాను. పొర గరుకుగా, సొరచేప చర్మంలా వచ్చింది. మళ్ళీ పెంచాను. ముద్దని ముందుకు నెట్టే స్క్రూ ఆపి, లోపలిదంతా బయటికి తోసి, శుభ్రంగా తుడిచి మొదలుపెట్టాను. జాలీ మార్చాను. కరిగిన ముద్దని వడగట్టే ఆ జాలీ రెండు పూటలు నిలవాలి, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు మూసుకుపోయింది. వెనక ఒత్తిడి పెరిగి మిషను మూలుగుతోంది. కళ్ళు తగ్గలేదు సరికదా, ఇంకా పెద్దవయ్యాయి.

ప్రెసిడెంటు భద్రం గారు చూడ్డానికి వచ్చారు. ఆయన ఏ సమస్యనైనా ముందు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చూస్తారు, ఆ తర్వాత దానికి పేరు పెడతారు.

"ఇవి చుక్కలమ్మా. చుక్కల గోడ. కొత్త డిజైనని చాటింపు వేయిస్తాను," అన్నారు.

"చుక్క దగ్గర పొర చిరుగుతుందండి. పల్చగా ఉంటుంది కదా."

"చిరిగినప్పుడు చూద్దాం."

చాటింపు వేశారు. సాయంత్రానికల్లా తోక వీధివాళ్ళు తమ గోడలకి చుక్కలు ఎందుకు లేవని అర్జీ పెట్టారు. మూతి వీధిలో పంతులు సోమయాజులు గారు అరుగు మీద కునుకు తీస్తుంటే, బొడిపె గుండా ఎండ ఒక్కచోటే పడి పంచె మీద రూపాయంత చిల్లు పడింది. దాన్ని కూడా డిజైను అని ఆయనకి ఎవరూ చెప్పలేకపోయారు.

బార 8,149

ఊరు వాలింది.

ఊదుతుండగానే ఒక పెద్ద కన్ను దగ్గర పొర పిగిలి బుడగ చప్పున కూలింది. లోపలి గాలి సగం పోయింది. ఎక్కడికక్కడ కప్పులు దిగి జనం నెత్తికి తగిలాయి. నేను పొరని మళ్ళీ అందుకుని, ముడేసి, ఊది నిలబెట్టేదాకా బుడగవరం బుడగవరమంతా నడుం వంచి తిరిగింది. పొయ్యిలన్నీ ఆర్పేశారు. బళ్ళో పిల్లలు మాత్రం బల్లల కింద కూర్చుని పండగ చేసుకున్నారు. ప్రెసిడెంటు గారు వంగినవారు వంగినట్టే వచ్చి, "దీనికేం పేరు పెడదామమ్మా?" అని అడిగారు. నేను చెప్పిన పేరు ఇక్కడ రాయలేను.

నవ్వులాట కాదు. కొండ మీద కాపలావాళ్ళు ఎర్రదుమ్ము లేవడం చూశారట. లెక్క 8,180వ బారకి చేరేలోపు గాడ్పు వచ్చి ఊరిని తాకుతుంది. మామూలు పొర అయితే గాడ్పుకి ఊగుతుంది, ఊగి నిలబడుతుంది. ఈ కళ్ళ పొర మొదటి విసురుకే చిరుగుతుంది. బయటి దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక పూట గడపొచ్చు, రెండో పూట గడిపినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పలేదు.

మళ్ళీ గొట్టంలో మాట్లాడాను. మా ఆయన తప్పు మిషనుదన్నాడు. నేను కడుగుడుది అన్నాను. అతను మా అమ్మ దాకా వెళ్ళాడు, నేను వాళ్ళ మేనత్త దాకా వెళ్ళాను. ఊరంతా ఊపిరి బిగబట్టి విన్నది. ఇంటికొచ్చాక అన్నం మాత్రం వేడిగానే పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

బార 8,152

తప్పు ఎవరిదో తేల్చుకోకుండా పోట్లాడితే ఏం లాభమని, ఆపద కోసం దాచిన పాత నిల్వ ప్లాస్టిక్ గింజలు రెండు బస్తాలు తీశాను. అవి ఎప్పుడూ గోడగా మారనివి, కొత్తవి. వాటినే మిషనులో పోసి ఊదాను. వేడి అదే, స్క్రూ అదే, జాలీ అదే, చెయ్యి నాదే. పొర తేటగా, నీళ్ళలా వచ్చింది. ఒక్క కన్ను లేదు.

అంటే మిషను మంచిదే. ముక్కల్లోనే ఏదో ఉంది. గెలిచానని చాలాసేపు సంతోషించాను, ఆ తర్వాత గెలిచి ఏం చేసుకోవాలో తోచలేదు.

కళ్ళ గోడ నుంచి ఒక బొడిపెని చాకుతో తవ్వి, పటకారుతో మంటలో పెట్టాను. మన పొర కాలితే కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తుంది, పొగ పల్చగా ఉంటుంది. ఇది భగ్గుమంది. నల్లటి మసి పోగులు పోగులుగా లేచి నా ముక్కుమీదే వాలింది. వాసన తియ్యగా, గొంతు పట్టేసేలా ఉంది. ఇది మన జాతి కాదు. మన పొరతో ఎంత కరిగించినా కలవదు, పక్కన ముద్దగా కూర్చుంటుంది.

ఇంకో బొడిపె తవ్వాను. అందులో చమ్కీ మెరిసింది, ఎర్ర చమ్కీ. అది గోడలోకి ఎందుకొస్తుంది?

బార 8,153

తోకకి నడిచి వెళ్ళాను. దారి పొడుగునా ఇళ్ళు చూస్తూ వెళ్ళాను. సగం దూరం పోయేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

ప్రతి ఇంటి గోడ మీదా పెళ్ళి బోర్డు ఉంది. ఫలానా వెడ్స్ ఫలానా. తెల్లటి థర్మోకోల్ అక్షరాలు, అంచుల్లో ఎర్ర చమ్కీ, చుట్టూ చిలకలు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవే కాబట్టి కళ్ళకి ఆనలేదు. వెనకటికి గోడ మీద కుంకంతో పేర్లు రాసేవాళ్ళు, అంతే. తర్వాత బయటి తవ్వకాల్లో పాత లోకంవాళ్ళు టీవీల చుట్టూ కట్టిన థర్మోకోల్ కొండ ఒకటి బయటపడింది. అప్పట్నుంచి బోర్డుల మోజు మొదలైంది. ఒకరిది జానెడైతే పక్కవాళ్ళది మూరెడు, ఆ పక్కవాళ్ళది గోడంత. ఒకసారి అంటించిన పేర్లు పీకకూడదు. గోడతో పాటు తోకకి పోయి, కరిగి, కొత్త గోడలో కలిస్తే కాపురం గట్టిపడుతుందని మావాళ్ళ నమ్మకం. ఆ మోజు మొదలైన ఇళ్ళు ఇప్పుడే తోకకి చేరాయి. ఇక ముందున్నవన్నీ బోర్డుల ఇళ్ళే.

మా ఆయన కడుగుడు తొట్టి దగ్గర మోచేతుల దాకా తడిసి ఉన్నాడు. మన ముక్కలు నీళ్ళలో తేలతాయి, ఇసకా ఇనుమూ నైలానూ మునిగిపోతాయి. తేలినవి తీసి బస్తాలో వెయ్యడమే అక్కడి పని. ముక్కల మధ్యలో థర్మోకోల్ కూడా హాయిగా తేలుతోంది.

"ఇది తేలుతోంది కదండీ," అన్నాను.

"తేలుద్ది. తేలేవన్నీ బస్తాలోకే కదా."

"థర్మోకోలని మీకు కనపళ్ళేదా?"

చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "కనపడింది," అన్నాడు.

"మరి ఏరి పారెయ్యొచ్చుగా?"

తొట్టిలోంచి ఒక తెల్ల ముక్క తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. గుండ్రంగా ఉంది, ఏదో అక్షరంలో సగం. "ఇది సూరమ్మగారి పేరులోది. ఆవిడా ఆయనా ఇప్పటికీ ఒకే కంచంలో తింటారు. దీన్ని తీసుకెళ్ళి బయట పెంటలో పడెయ్యమంటావా? రేపు వాళ్ళిద్దరికీ ఏదైనా ఐతే ఆ పాపం ఎవరిది?"

"ఊరు కూలితే ఆ పాపం ఎవరిదండీ?"

"ఊరు నీ చేతిలో ఉంది, అనసూయా. కాపురాలు నా చేతిలో ఉన్నాయి. నాకు చేతకాలేదు."

కోపంతో వచ్చాను. నేను తప్పు పడుతున్న మనిషి ఊరందరి సంసారాలూ ఒక్కొక్క అక్షరం చొప్పున జాగ్రత్తగా నాకు పంపిస్తున్నాడు. వాటితోనే ఊరు చిల్లులు పడుతోంది. ఏడవాలో నవ్వాలో తెలియక, తొట్టిలో నీళ్ళు మార్చమని చెప్పి తిరిగొచ్చాను.

బార 8,155

సభ పెట్టారు. నేను బొడిపె కాల్చి మసి చూపించాను. బోర్డులన్నీ పీకేస్తే తప్ప గాడ్పుకి ముందు మంచి పొర రాదని చెప్పాను.

పంతులు గారు లేచారు. "కరగకముందు ఊడితే బంధం తెగినట్టేనమ్మా. నాగయ్యగారి బోర్డు గాలికి ఊడి పడితే వాళ్ళిద్దరికీ నేనే మళ్ళీ పెళ్ళి చేశాను."

"అలాగని ఎక్కడ రాసుందండి?"

"రాసిలేదు. అందరూ నమ్ముతున్నారు కదా."

బొడిపెకి మంట పెట్టి చూపించాను గానీ నమ్మకానికి మంట పెట్టి చూడలేం. ఇక ప్రెసిడెంటు గారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. కాసేపు కప్పు వైపు చూసి తీర్మానం చెప్పారు. ఎల్లుండి బోర్డులు పీకి ఊరందరికీ విడాకులు. ఆ తర్వాత పదిహేను బారలకి ఊరందరికీ పెళ్ళిళ్ళు. మధ్యలో మగవాళ్ళు తోక వైపు, ఆడవాళ్ళు మూతి వైపు ఉండాలి. మళ్ళీ పెళ్ళి కావాలంటే మగవాడు మూతి దాకా వచ్చి అడగాలి, ఆడమనిషి ఒప్పుకోవాలి. పిల్లలు అందాకా ఊరి పిల్లలు, ఎవరింట్లో వండితే అక్కడ తింటారు.

మూడు రోజుల కిందట పెళ్ళైన హిమజ లేచి, "నా పారాణి కూడా ఆరలేదండి," అంది. సూరమ్మగారు మాత్రం ఉత్సాహంగా కనపడ్డారు. "మళ్ళీ అడుగుతారా? అయితే ఆలోచించుకోడానికి నాకు టైమివ్వాలి," అన్నారు. పక్కనే ఉన్న వాళ్ళాయన ముఖం పాలిపోయింది.

కొత్త బోర్డులకి నేను ఒప్పుకున్నాను. పొర అంచులు కత్తిరించగా మిగిలిన పట్టీలని మడిచి, ఇస్త్రీపెట్టెతో నొక్కి, కాల్చిన మేకుతో పేర్లు గీసిస్తాను. అవి మన జాతే, కరిగితే కలిసిపోతాయి.

బార 8,157

పీకుడు రోజు. ఎవరూ పీకలేదు.

అందరూ తమ తమ గోడల ముందు నిలబడ్డారు. చేతులు మాత్రం జేబుల్లోనూ కొంగుల్లోనూ ఉన్నాయి. "ఎవరో ఒకరు మొదలెట్టాలి కదా," అన్నారు ప్రెసిడెంటు గారు, తన బోర్డుకి వీపు ఆనించి. ఆయన భార్య ఆయన్నే చూస్తోంది. కొండ అవతల దుమ్ము మామూలు కంటికే కనపడుతోంది.

నేను చెప్పిన పని నేనే చెయ్యకపోతే ఎలా అని మా ఇంటికి నడిచాను. మా బోర్డు వీధిలోకెల్లా పెద్దది. ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు మా ఆయన స్వయంగా కోశాడు. చిలకల రెక్కలకి ఈకలు కూడా గీశాడు, మూడు వారాలు పట్టింది. అతను గుమ్మంలోనే ఉన్నాడు, తోక నుంచి అప్పుడే వచ్చాడు. నేను అతని వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఆడదని తెలుసు. త్రిమూర్తులు అన్న అక్షరాల కింద చాకు పెట్టి లాగాను. కిర్రుమంది. తర్వాత వెడ్స్, తర్వాత అనసూయ. జనమంతా ముక్కున వేలేసుకుని చూశారు.

"నన్నొక్క మాట అడగాల్సింది," అన్నాడు మా ఆయన. అంతే. తువ్వాలు భుజాన వేసుకుని తోకవైపు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఊరంతా పీకింది. ఆ చప్పుడు సాయంత్రం దాకా వినపడింది. థర్మోకోల్ గుట్టని బయట పారబోశారు. నేను మిషను దగ్గరికొచ్చి కూర్చున్నాను.

బార 8,163

మంచి ముక్కలు రావడం మొదలైంది. కళ్ళు పల్చబడ్డాయి, జాలీ పూట నిలుస్తోంది.

ఇంతకుముందు ఊదిన కళ్ళ గోడ మిగిలింది. దాన్ని కోసి తీసే వ్యవధి లేదు. విడాకులైన ఆడవాళ్ళంతా ఎలాగూ మూతి వీధిలోనే ఉన్నారని అందరి చేతికీ ఇస్త్రీపెట్టెలిచ్చాను. కన్ను కన్ను మీదా మంచి పొర ముక్క వేసి అతికిస్తున్నారు. హిమజ ఒక్కో కంటికి అతుకేస్తూ, "నువ్వు చూసింది చాల్లే," అని చెప్పి మరీ మూస్తోంది. మొగుళ్ళ గురించి ఇంత హాయిగా, ఇంత వివరంగా మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. తోక వైపు మగవాళ్ళు వంట చేసుకుంటున్నారని గొట్టంలో తెలిసింది. వాసన రావడానికి గొట్టం అక్కర్లేకపోయింది.

బస్తాలు వస్తున్నాయి గానీ మా ఆయన గొంతు రావడం లేదు. "బస్తా పంపాను" అనైనా అనడు. గంట కొడతాడు, అంతే. పోట్లాడితేనైనా బాగుండును.

బార 8,172

ఇవాళ పెళ్ళిళ్ళు.

పొద్దుట్నుంచీ మగవాళ్ళు మిషను ముందు వరసగా నిలబడ్డారు. వచ్చినవాడు పేరు చెప్పడం, ఆ పేరుగల మనిషి తలూపితే నేను బోర్డు గీసివ్వడం. కొందరు గడ్డం గీసుకుని వచ్చారు, ఆ పని చేసి ఎన్నాళ్ళైందో వాళ్ళ ముఖాలే చెప్పాయి. సూరమ్మగారి ఆయన తమలపాకులు పట్టుకుని మూడుసార్లు వచ్చాడు. మూడోసారి ఆవిడ ఒప్పుకుని, "అడగడం ఇంకా బాగా నేర్చుకోవాలి," అంది. ప్రెసిడెంటు గారి భార్య షరతులు చెప్పింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకోబోతే మొదటి షరతు అదేనంది. సాయంత్రం దాకా ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డారు. ముగ్గురు మగవాళ్ళ పేర్లకి ఎవరూ తలూపలేదు. ఇద్దరాడవాళ్ళు మాకు ఇలాగే బాగుందన్నారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు.

మా ఆయన రాలేదు.

వరస అయిపోయాక కూడా మేకు వేడిగానే ఉంచాను. సోమయాజులు గారు, "ఇంకెవరైనా ఉన్నారామ్మా, ముహూర్తం దాటిపోతోంది," అన్నారు. లేరండి అన్నాను. ఈ ఊరివాళ్ళందరి పేర్లూ నా చేత్తో రాశాను. నాది మాత్రం రాయలేదు. నాకు సిగ్గేసింది, దిగులేసింది, రెండూ వేశాయి. ఇక్కడ అంతా బాగుంది అని రాయను.

బార 8,179

గాడ్పు వచ్చి పోయింది.

కప్పు ఊరి పొడుగునా అలలు అలలుగా కదిలింది. అతుకులేసిన గోడ దగ్గర ఆడవాళ్ళు ఇస్త్రీపెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. ఒక్కచోట అంచు లేస్తే నలుగురు కలిసి నొక్కేశారు. కొత్త పొర మాత్రం వంగింది, లేచింది, చిరగలేదు. నేను గాలి ఒత్తిడి చూసుకుంటూ మిషనుని కౌగిలించుకున్నంత పని చేశాను.

దుమ్ము తగ్గాక గొట్టంలో మొదటిసారి గొంతు వినపడింది. "మూతి నిలబడిందా?"

"నిలబడింది. తోక?"

"ఉంది."

గొట్టం పొడుగునా జనం ఊపిరి తీయడం ఆపిన సంగతి నాకు తెలుస్తూనే ఉంది. విననీ అనుకున్నాను.

"ఏవండీ, మిమ్మల్ని అడక్కుండా పీకాను," అన్నాను. "అడిగితే మీరు వద్దంటారని భయమేసింది. వద్దంటే నేను పీకలేను. నేను పీకకపోతే ఊరు పీకదు. పీకుతుంటే నా ప్రాణం పోయింది, అది మీకు చెప్పలేదు. పెళ్ళిళ్ళ రోజున మీరొస్తారని చూశాను. నిజం చెప్తున్నాను, మీరు రాకపోతే నాకు ఏమీ బాలేదు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అటునుంచి కాసేపటికి గంట మాత్రం మోగింది. బస్తా పంపినప్పుడు కొట్టే గంటే.

బార 8,181

బస్తా వచ్చింది. ఒక్కటే వచ్చింది.

ఎప్పుడూ వచ్చే బస్తాల్లా లేదు. ముక్కలన్నీ ఒక్క రంగు, ఒక్క సైజు. ఆరబెట్టి, నీటి చుక్క లేకుండా తుడిచారు. నా అలవాటు కొద్దీ తప్పు పడదామని భుజం దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి కెలికాను. చమ్కీ రవ్వ లేదు. థర్మోకోల్ పొడి లేదు. ఇసక రేణువు తగల్లేదు. ముక్క ముక్కా చేత్తో ఏరితే తప్ప అలా రాదు. గాడ్పు కొట్టినంతసేపూ ఆ మనిషి తోక దగ్గర కూర్చుని ఇదే చేసి ఉంటాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మిషను చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

వేరే ముక్కలు కలపకుండా ఆ బస్తా ఒక్కటే మిషను నెత్తిన గరాటులా ఉండే హాపర్లో పోశాను. వచ్చిన గోడ ముందు నిలబడితే గోడ ఉన్నదో లేదో తెలియలేదు, చేత్తో తడిమి చూసుకోవాల్సొచ్చింది. అవతల నేలంతా గాడ్పు తెచ్చిన ఎర్రదుమ్ము, దాని మీద ఎండ, ఏదీ వంకర పోకుండా కనపడింది. అతని జవాబు ఇంత స్పష్టంగా ఎప్పుడూ లేదు.

కూర్చుని ఒక పట్టీ నొక్కి, మేకు కాల్చి, మా ఇద్దరి పేర్లూ గీశాను. చిలకలు గీయడం నాకు రాదు. గీశాను, కాకుల్లా వచ్చాయి.

పొద్దువాలే వేళకి మా ఆయన వచ్చాడు. ఊరి పొడుగునా నడిచొచ్చాడు కాబట్టి వెనక ఊరు కూడా వచ్చింది. పంతులు గారు ముందే చెప్పేశారు, ముహూర్తాలు అయిపోయాయి, మళ్ళీ మంచిరోజు చాలా బారల దూరంలో ఉంది, అందాకా ఒకే కప్పు కింద ఉండకూడదని. ప్రెసిడెంటు గారు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ మాటని సమర్థించలేకపోయారు.

మా ఆయన ఎవరి మాటా విన్నట్టు లేదు. కొత్త గోడ దగ్గరికెళ్ళి ముక్కు ఆనించి చూశాడు. "వేడి కొంచెం ఎక్కువ పెట్టావు," అన్నాడు.

"సరిగ్గానే పెట్టాను," అన్నాను.

తలూపాడు. నేను బోర్డు చేతికిచ్చాను. పేర్లు చదువుకున్నాడు, కాకుల్ని చూశాడు, నవ్వలేదు. గోడకి అంటిస్తాడనుకున్నాను. మిషను మెట్లెక్కి బోర్డుని రెండుగా మడిచి హాపర్లో వేసేశాడు.

"ఈసారి పీకడానికి ఏమీ ఉంచకు," అన్నాడు.

స్క్రూ దాన్ని అందుకుంది. మా పేర్లు కరిగి పొరలోకి వచ్చిన చోటు ఎక్కడో వెతికాను, కనపళ్ళేదు. కళ్ళు రాలేదు. జాలీ మూసుకోలేదు.